వాన చూడని సంతకం

మేస్త్రి పోయిన సంగతి నాకు పోస్టుకార్డు మీద తెలిసింది. ఆళ్లగడ్డ నుంచి ఆయన కూతురు రాసింది. ఆమె బడిపంతులమ్మ. అక్షరాలు గుండ్రంగా, వరుస తప్పకుండా ఉంటాయి. "సార్, మా నాయన మంగళవారం పొద్దున ప్రభువు దగ్గరికి పోయినారు. బుధవారం మట్టి చేసినాము. గోడ బాగుంది." అంతే. కింద పేరు కూడా పెట్టలేదు.

కడపటి వాక్యం చదివి, కార్డును బల్ల మీద బోర్లించాను. తండ్రి చావు కబురులో గోడ క్షేమం రాసే కూతురు ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఆ గోడ సంగతీ, దానికి కారణమైన నా సంతకం సంగతీ చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయనను పొగడడానికి ఇప్పటికే కొందరు బయలుదేరారు. వాళ్లలో ఒకరిద్దరిని నేను బాగా ఎరుగుదును. అందుకే తొందరపడుతున్నాను.

ఆయన మట్టి మిద్దెలు కట్టే మేస్త్రి. మా సీమలో మిద్దె అంటే మట్టిగోడలు, వాటి మీద కొయ్య దూలాలు, ఆ పైన కట్టెలు, అన్నిటికీ పైన చౌడు పరిచిన చదునైన కప్పు. చౌడు అంటే పైరు మొలవని ఉప్పునేల మన్ను. వాననీటిని కిందికి దిగనీయదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసుకోవాలి. ఏ చేని చౌడు పనికొస్తుందో మేస్త్రి చిటికెడు నాలుక మీద వేసుకొని చెప్పేవాడు. గోడమట్టినైతే ముందు పండ్ల మధ్య నలిపేవాడు. "కరకరమంటే ఇసుక. నాలికకు అంటుకుంటే బంక. రెండూ ల్యాకుంటే అది మట్టి గాదు, దుమ్ము" అనేవాడు. చర్చిలో సంఘపెద్ద. ప్రార్థనకు కూర్చున్నప్పుడు కూడా ఆయన గోళ్లలో ఎర్రమన్ను ఉండేది.

నేను నంద్యాలలో ఒక సర్కారు పరీక్షా గదిలో పనిచేసేవాణ్ణి. ఇటుకలు, ఇసుక, సిమెంటు దిమ్మెలు మా దగ్గరికి వచ్చేవి. వాటిని యంత్రంలో పెట్టి నలిపి, ఎంత బరువుకు పగిలిందో రాసి సంతకం చేయడం నా ఉద్యోగం. పని లేని పూటల్లో పుస్తకాలు చదివేవాణ్ణి. చరిత్ర, తత్త్వం, నవలలు, ఏది దొరికితే అది. చదువు మనిషికి ధైర్యం ఇస్తుందని ఆ పుస్తకాల్లో చాలామంది రాశారు. వాళ్లెవరూ నెల జీతం మీద బతికినవాళ్లు కాదనుకుంటాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు మేస్త్రిని మొదటిసారి చూశాను. ఆళ్లగడ్డ శివార్లలో కూలీలకు నలభై ఇండ్ల కాలనీ మంజూరయింది. అందులో చాలా కుటుంబాలు ఆయన సంఘంవాళ్లే. గోడలు మట్టితో మేమే కట్టుకుంటాం, కూలినా మేమే ఎత్తుకుంటాం, మట్టీ చేతులూ మావే గదా అని వాళ్లు అడిగారు. పరీక్ష కాయితం తెస్తే ఆలోచిస్తామని ఆఫీసులో అన్నారు. వదిలించుకోవడానికి అన్న మాట అది. మేస్త్రి నిజమనుకున్నాడు.

మూడు పచ్చి ఇటుకలను గోనెపట్టలో చుట్టి, ఒడిలో పెట్టుకొని బస్సులో వచ్చాడు. కూతురు తోడు వచ్చింది. అప్పుడామె టీచరు ట్రైనింగు చదువుతున్నది. "కండక్టరు నవ్వుతాండాడు సార్, బాలింత మాదిరి ఎత్తుకున్యావ్ ఏందప్పా అని" అంటూ వాటిని నా బల్ల మీద దించాడు.

"కాల్చిన ఇటుకలేనా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"కాల్చలే సార్. మాగేసినా. ఎర్రమట్టి, వాగు ఇసుక, రోంత సున్నం. ఏడు దినాలు తొక్కి, పన్నెండు దినాలు మాగేసి, నెల దినాలు నీడకు ఆరబెట్టినా. మట్టి గూడా కల్లు మాదిరే. బేగా దించితే పనికిరాదు."

"సంఘపెద్దవు, కల్లు మాటేంది నాయనా?" అంది కూతురు.

"పోలిక చెప్పినా పాపా. తాగలే."

పరీక్ష ఎట్లా చేస్తారని అడిగాడు. ఒక పగలూ రాత్రీ నీళ్లతొట్టిలో నానబెట్టి, తీసి యంత్రంలో నలుపుతామని చెప్పాను. కాల్చిన ఇటుకకు చేసే పరీక్ష అదే. ఆయన తొట్టి దగ్గరికి పోయి లోపలికి తొంగిచూసి వచ్చాడు.

"గోడను యాడన్నా నానబెడ్తారా సార్? వాన గోడ మింద పడ్తాది, జారి పోతాది. కింద బండ పునాది ఉంటాది, పైన చూరు ఉంటాది. మీరు మనిషిని బాయిలో ముంచి, తెల్లారి తీసి, వీనికి ఆయుస్సు ల్యా అంటాండారు."

"మరి ఎట్లా చేయమంటావు?"

ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టు ఆయన కూర్చున్నాడు. వేళ్లు మడిచి చెప్పాడు. ఒకదాన్ని పొడిగానే నలపాలి. ఇంకోదాన్ని నిలబెట్టి, పైనుంచి జల్లెడతో వాన మాదిరి గంటసేపు నీళ్లు పోయాలి. మూడోదాన్ని మా ఆవరణలో ఆరుబయట ఒక వానాకాలం ఉంచాలి. "ఆ పైన నిలబడలేదంటే నిలబడలేదనే రాయండి సార్. నేను కాదనను. చూసి రాయండి, అంతే."

ఇరవై ఏండ్లకు పైగా ఆ గదిలో ఉన్నాను. పరీక్షించమని ప్రాధేయపడిన మనిషి ఆయన ఒక్కడే. మిగతావాళ్లందరూ పాసు చేయమని అడగడానికి వచ్చినవాళ్లు.

నేను పోయి మా ఇంజనీరుగారికి చెప్పాను. పేరు రాయను, రాస్తే ఆయనకు అదొక గౌరవం. ఆయన ఫారం తీసి చూపించాడు. "కాల్చిన ఇటుక అని అచ్చయి ఉంది. మట్టి అనే గడి ఇందులో ఎక్కడుందయ్యా? ఇటుక తెచ్చాడు, ఇటుక పరీక్షే చెయ్యి." నేను తొట్టిలో మొదటి ఇటుక వేశాను. బుడగలు వచ్చాయి. ఎండిన మన్నులో ఉన్న గాలి అంతా బయటికి వస్తున్నది. అప్పుడే ఇంజనీరుగారు ఫారం నింపుకొని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సాయంత్రం టపాలో పోవాలి. సంతకం పెట్టు."

"రేపు తీసి చూసినాక పెడతాను సార్."

"రేపటికి కరిగిపోతుంది. ఈరోజు రాస్తే కరగకుండా ఉంటుందా? కాలనీ సంగతి పైన ఎప్పుడో తేలిపోయింది. నీకెందుకు?"

సంతకం పెట్టాను. తొట్టిలో బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. నాకు పిల్లలున్నారు, బదిలీ భయం ఉంది, ఇవన్నీ ఇక్కడ రాసుకోవచ్చు. రాసుకొని ఏం లాభం? చూడకుండా సంతకం పెట్టాను. ఇంజనీరుగారి తప్పును ఎత్తిచూపే ముందు నాదొకటి ఉందని మీకు తెలియాలి.

మరునాడు పొద్దున తండ్రీ కూతుళ్లు మళ్లీ వచ్చారు. రాత్రి నంద్యాలలోనే చుట్టాల ఇంట్లో ఆగారట. తొట్టి అడుగున ఎర్రటి బురద పేరుకొని ఉంది. మేస్త్రి మోచేతి దాకా చెయ్యి పెట్టి, పిడికెడు తీసి వేళ్ల మధ్య నలుపుకున్నాడు. ముఖంలో కోపం లేదు. వంటలో ఉప్పు చూసే ఆడమనిషి ముఖం అట్లా ఉంటుంది. నేను కాయితం నకలు కూతురి చేతికిచ్చాను. ఆమె మొదటినుంచి చివరిదాకా చదివింది. మళ్లీ పైకి పోయి ఒక చోట ఆగింది.

"తారీకు నిన్నటిది సార్" అంది.

నేను తొట్టివైపు తిరిగాను.

"ఇటుక నిన్న వేసినారు. తీసింది ఈపొద్దు. కరిగిపోయిందని నిన్ననే ఎట్ల రాసినారు?"

"ఇడ్సిపెట్టు పాపా" అన్నాడు మేస్త్రి. "సార్ వాళ్లు చదువుకున్యోళ్లు. రేపు జరిగేది గూడా వాళ్లకు ముందే తెలుస్తాది." తర్వాత నాకేసి తిరిగి, "ఆ మట్టి నాకిచ్చేయండి సార్. మీకు పనికి రాదు గదా" అన్నాడు.

ఒక పాత కిరసనాయిలు డబ్బాలోకి ఆ బురదంతా ఎత్తుకున్నాడు. తొట్టి గోడలకు అంటుకున్నది కూడా వేలితో గీకి తీసుకున్నాడు. మిగిలిన రెండు ఇటుకలూ తిరిగి గోనెపట్టలో చుట్టాడు. పోతూ గుమ్మంలో ఆగి, "తొట్టి జాగ్రత్త సార్, మంచి తొట్టి" అన్నాడు.

కాలనీ సిమెంటు దిమ్మెలతో, రేకుల కప్పుతో కట్టారు. మట్టికైనా సిమెంటుకైనా కింద నేల ఒకటే కదా. అది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నోరు తెరుస్తుంది. దాని మీద పునాది ఎంత లోతు పోవాలో చూసినవాడు లేడు. రెండో ఎండాకాలానికే గోడలు మూలమూలనా చీలాయి. ఒక్కో చీలికలో చెయ్యి పట్టేది. దిమ్మె గోడను బాగుచేసుకోవడం ఆ కూలీలకు తెలియదు. సిమెంటు పర్మిటు లేనిది దొరకదు. కొందరు ఇండ్లల్లో మేకలను కట్టేసి, తాము ముందర పందిళ్లు వేసుకొని పడుకున్నారు. ఈ సంగతులు నాకు తర్వాత మేస్త్రే చెప్పాడు. "ఇండ్లు మట్టితోనా సిమెంటుతోనా అని కొట్లాడినాము. కిందుండే మట్టిని నువ్వేమంటావ్ తల్లీ అని ఒక్కడూ అడగలే" అన్నాడు. ఆ నింద తన మీద కూడా వేసుకొనే అన్నాడు. తానే ముందు అడిగి ఉండాల్సింది అనేవాడు. ఇంజనీర్లెవరూ అట్లా అనగా నేను వినలేదు.

నేను ఆళ్లగడ్డకు పోయింది నాలుగేండ్ల తర్వాత, ఒక పెండ్లికి. ముఖం చూపించడం ఇష్టం లేదు. అయినా కాళ్లు ఆయన ఇంటివైపు పోయాయి. ఇంటి వెనక, చూరు లేకుండా, ఆరుబయట ఒక గోడ నిలబడి ఉంది. నడుమెత్తు. ఇటు కొస నుంచి అటు కొసకు ఏడు భాగాలు, ఒక్కో భాగం రంగు కొంచెం తేడా. ఒకదానిలో ఇసుక ఎక్కువ, ఒకదానిలో సున్నం, ఒకదానిలో వరిగడ్డి, ఒకటి ఉత్త మట్టి. ఒక్కో భాగంలో పొడుగాటి మేకు తల దాకా దిగగొట్టాడు. వాన గోడను కోసుకుపోతే మేకు బయటికి కనిపిస్తుంది. ఎంత కనిపిస్తే అంత మట్టి పోయినట్టు. దాన్ని ఆయన వడ్లగింజలతో కొలిచేవాడు. "ఇది గింజన్నర. ఇది మూడు గింజలు. దీనికి దురద ఎక్కువ, గీరుకుంటాంది."

ఒక్కో వానాకాలం అయిపోయినాక గోడ నెత్తిన, మొదటి భాగంలో, వాగులో ఏరిన తెల్ల గులకరాయి ఒకటి తడి మట్టితో పొదిగేవాడు. ఏండ్ల లెక్క అది. "మొదటి ఏడు చింతగింజ బెట్టినా సార్. మొలకొచ్చె. గోడ చిగురేసిందని మా వీధంతా నవ్వినారు. అప్పుడు రాయికి దిగినా."

మూడో భాగం కూలిపోయి కుప్పగా ఉంది. ఎందుకు తీసేయలేదని అడిగాను.

"అదే గదా సార్ ముందు చూపాల్సింది. గడ్డి ఎక్కువేసినా. చెదలు దిన్యాయి. నా తప్పు. తప్పు ఎత్తిపారేస్తే రేపొచ్చేటోడు మళ్లీ చేస్తాడు."

మొదటి భాగం మీద నా చెయ్యి ఉంది. అప్పుడు చెప్పాడు, నవ్వుతూనే. "అది మీదే సార్. మీ తొట్లోది. డబ్బాలో తెచ్చుకున్యా గదా, దానికి జత మట్టి కలిపి మళ్లీ మాగేసి ఎత్తినా. నాలుగు వానలు చూసె. రెండు గింజలు పాయె, అంతే."

నేను చెయ్యి తీసేశాను.

ఆ తర్వాత ఏటా వానలు వెనకబట్టాక ఆళ్లగడ్డ పోయేవాణ్ణి. ఆయన మేకు దగ్గర కూర్చొని గింజలు పట్టి చెప్పేవాడు, నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. రిటైరయ్యాక అదొక్కటే నాకు మిగిలిన పరీక్షా గది. చూసిన ప్రతిసారీ మేస్త్రి మొదటి మాట ఒకటే. "తొట్టి బాగుందా సార్?" కోపంగా ఒక్కసారి కూడా అనలేదు. అందువల్ల ఆ మాట ప్రతిసారీ కొత్తగానే గుచ్చుకొనేది. సంతకం సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి ఆరేడు అవకాశాలు వచ్చాయి. ఆరేడుసార్లూ చౌడు గురించి మాట్లాడి వచ్చాను.

నోటుబుక్కులోని లెక్కలు శుభ్రంగా ఎత్తి రాసి మూడు ఆఫీసులకు పంపాను. ఈ జిల్లాలో ఎన్ని రకాల మట్టి ఉందో, ఏది ఎంత బరువు మోస్తుందో, ఎంత వానకు ఎంత కోసుకుపోతుందో, ఏ నేల మీద ఎంత లోతు పునాది కావాలో సర్కారు ఖర్చుతో పదేండ్లు పరీక్షించండి, మట్టి ఇటుకకు మట్టి ఇటుక ఫారమే అచ్చువేయండి అని అడిగాను. మంచిదని ఒప్పుకోమనలేదు, తెలుసుకోమన్నాను. ఒకచోట నుంచి జవాబు వచ్చింది. తగిన ఫారంలో దరఖాస్తు చేసుకోమని ఉంది అందులో.

మట్టికి మరో రకం శత్రువులు కూడా ఉన్నారు. వాళ్లు ప్రేమతో వస్తారు. ఆ గోడకు ఆరో రాయి పడిన ఏట, నేను అక్కడున్నప్పుడే, పట్నం నుంచి ఒకాయన కెమెరా వేసుకొని వచ్చాడు. ఖద్దరు చొక్కా, భుజాన జోలె. గోడను నిమిరి కండ్లు మూసుకున్నాడు. "ఇది వెయ్యేండ్లు నిలుస్తుంది పెద్దాయనా" అన్నాడు.

"యాడ వెయ్యేండ్లు సార్. ఏడేండ్లు చూసినా నేను. ఎనిమిదో ఏడు సంగతి నాకు తెల్దు" అన్నాడు మేస్త్రి. "ముందు ఆ పడిపోయిండేది చూడండి."

ఆ పట్నమాయన పడిపోయినదాని ఫోటో తీయలేదు.

ఇప్పుడు సంతాపసభ సంగతి. కార్డు వచ్చిన వారానికే నంద్యాలలో ఒక పెద్ద హాలులో పెట్టారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు తెలియదు. బతికుండగా మేస్త్రిని ఆ హాలు మెట్లు ఎక్కనిచ్చినవాళ్లు లేరు. ఆయన కూతురికి కబురు కూడా లేదు. వేదిక మీద శాలువా కప్పుకొని మా పాత ఇంజనీరుగారు. రిటైరయ్యాక ఆయనకు మట్టి మీద ప్రేమ పుట్టిందట. మన పూర్వీకులు, మన మట్టి, మన విజ్ఞానం అని అరగంట మాట్లాడాడు. ఆ మహా శిల్పిని తాను ఆనాడే గుర్తించానని చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

నేను వెనక వరుసలోంచి లేచాను. "అయ్యా, తమరు ఆ గోడను పరీక్షించారా?"

నన్ను గుర్తుపట్టాడు. శాలువా సర్దుకొని దయగా నవ్వాడు. "పెద్దల విజ్ఞానానికి మన పరీక్షలెందుకండీ ఇప్పుడు?"

అప్పుడు చూడకుండా పనికిరాదన్నాడు, ఇప్పుడు చూడకుండా గొప్పదంటున్నాడు. మనిషి ఏమీ మారలేదు. తొట్టిలో బుడగలు వస్తుండగా ఎవరు సంతకం పెట్టించారో, ఎవరు పెట్టారో ఆ హాలులో గట్టిగా చెప్పాను. సగం చెప్పేసరికి మైకులో పాట పెట్టారు. పక్కాయన నా చొక్కా పట్టి కూర్చోబెట్టి, "వయసైంది పెద్దాయనా, ఎందుకు ఆయాసం" అన్నాడు. మిగతా సగమే ఇది.

మరునాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. మబ్బు పట్టి ఉంది. కూతురు బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. కాఫీ ఇచ్చింది. పాత మాటలేవీ రాలేదు. వెనక్కి పోయి గోడను చూశాను. నెత్తిన ఒక చిన్న గుంట, అది చింతగింజ చోటు. దాని పక్కన వరుసగా తొమ్మిది తెల్లరాళ్లు. ఈ ఏటిది లేదు. మూడో భాగం కుప్ప అట్లాగే ఉంది, దాని మీద గడ్డి మొలిచింది. మిగతా ఆరు భాగాలూ నిలబడి ఉన్నాయి. మొదటి దాని మేకు నాలుగు గింజల మేర బయటికి వచ్చి ఉంది.

అరుగు మీద కొబ్బరిచిప్పలో గులకరాళ్లు ఉన్నాయి. ఆయన ముందుగానే ఏరి పెట్టుకున్నవి. ఒకటి తీసుకున్నాను. కుండలోని నీళ్లు రెండు చుక్కలు పోసి కింది మట్టిని పిసికాను. నా చేతులతో ఆ రాయి పెట్టాలనిపించింది. ఆయనకు నేను బాకీపడ్డ పని అదొక్కటైనా తీరుతుందనిపించింది. తొమ్మిదో రాయి పక్కన వేలితో గుంట చేయబోతుంటే వెనకనుంచి ఆమె అంది.

"వద్దు సార్."

ఆగాను.

"వానలు ఇంకా అయిపోలేదు. అయినంకనే మా నాయన పెట్టేది."

"ఇంకెన్నాళ్లమ్మా, నెల. అప్పటికి నేను రాగలనో లేదో. నిలబడే ఉంది గదా, చూస్తూనే ఉన్నాం గదా."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ రోజు కాయితం మీద తారీకు దగ్గర ఆగిన చూపే. తర్వాత చెయ్యి చాపింది. రాయి ఆమె అరచేతిలో పెట్టాను. కొంగుతో దాని తడి తుడిచి, వెనక కిటికీ గూట్లో పెట్టింది.

"మీరు రాకపోయినా నేను చూసి రాస్తా సార్. పడిపోతే పడిపోయిందనే రాస్తా."

చినుకులు మొదలయ్యాయి. ఆమె నన్ను చూరు కిందికి పిలిచింది. ఇద్దరం ఇంటి గోడకు వీపు ఆనించి నిలబడ్డాం. ఎదురుగా ఆ పొట్టిగోడ నెత్తి నుంచి మెల్లగా ముదురెరుపుకు తిరుగుతున్నది. మేకు తలల మీద నీటిచుక్కలు నిలిచి, ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి. కిటికీ గూట్లో తెల్లరాయి పొడిగా ఉంది.